మైనస్ గుర్తు కోసం పర్లాకిమిడి దాకా

తుపాను వెళ్ళిపోయిన మర్నాడు బొబ్బిలిలో మా వీధి జనమంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుని నడుస్తున్నారు. మేడల మీద కొందరు, రోడ్డు మధ్యలో కొందరు. ఎక్కడా సిగ్నల్ లేదు. కరెంటు స్తంభాలు వరసగా పొలాల్లోకి వాలిపోయాయి. అవి మళ్ళీ లేచేసరికి దీపావళి దాటుతుందని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు.

అది 2014 అక్టోబరు. నేను దూరంగా ఒక యూనివర్సిటీలో ఫిజిక్సు పరిశోధన చేస్తున్నాను. అమ్మకి విజయనగరంలో కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే సెలవు పెట్టి వచ్చాను. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి తెచ్చిన రెండో రోజునే గాలివాన మొదలైంది. నాన్నకి బజార్లో బియ్యం, పప్పుల దుకాణం. పైన రేకులు లేచిపోయి బస్తాలు తడిశాయి. ఆయన తెల్లారిన దగ్గర్నుంచి అక్కడే ఉన్నాడు. అమ్మ నల్లద్దాలు పెట్టుకుని పడకకుర్చీలో కూర్చుని, ఎవరు వచ్చినా అడుగుల చప్పుడు బట్టి పోల్చుకుంటోంది. నేను చచ్చిపోయిన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తున్నాను.

నా కంగారు ఎందుకో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. చెప్పినా ఆ రోజు చెప్పదగ్గ సంగతి కాదు. ఊళ్ళో ఇళ్ళు కూలిపోతే నేను ఒక లెక్క గురించి ఏడుస్తున్నాను.

ఆ లెక్క ఇదీ. యూరప్‌లో భూమి కింద ఒక పెద్ద సొరంగం ఉంది. అందులో సీసం పరమాణువుల నడిమి గింజల్ని, అంటే కేంద్రకాల్ని, దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా పంపి గుద్దిస్తారు. గుద్దిన క్షణంలో పుట్టే వేడికి ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగిపోయి, లోపలి క్వార్కులు విడివిడిగా బయటపడతాయి. ఆ ముద్ద గాలిలా నలుదిక్కులా చెదిరిపోతుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే అది నీళ్ళలా పారింది. కేంద్రకాలు నేరుగా కాకుండా కొంచెం పక్కగా తగిలితే మధ్యలో మిగిలే ముద్ద బాదంపప్పులా కోలగా ఉంటుంది. దాని సన్నటి వైపు ఒత్తిడి ఎక్కువ. అందుకని బయటికి వచ్చే వేలకొద్దీ కణాలు ఆ వైపు ఎక్కువగా, పొడుగు వైపు తక్కువగా పడతాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నట్టు అన్నీ కలిసి ఒకే తీరుగా కదలడాన్నే మేము ఫ్లో అంటాం.

సీసాన్ని సీసంతో గుద్దితే అది పాత కథే. నేను చూస్తున్నది ప్రోటాన్‌ని సీసంతో గుద్దిన తాకిళ్ళు. అక్కడ పుట్టే ముద్ద మరీ చిన్నది, పారడానికి చాలదు అనుకునేవాళ్ళు. అయినా నా బొమ్మలో, అంటే గ్రాఫులో, ఆ పారుదల గుర్తు కనిపించింది. మా ప్రయోగంలో పనిచేసే ఒక జర్మన్ పెద్దాయన దాన్ని ఒప్పుకోలేదు. ఆయన నా ఫలితాన్ని పరీక్షించే కమిటీలో ఉన్నారు. "నువ్వు చూస్తున్నది ప్రవాహం కాదు. ఒకే తల్లి కణం విరిగి పుట్టిన జంటలు ఒకే వైపు పోతాయి. అలాంటి జంటల్ని లెక్కపెట్టి నీళ్ళు అంటున్నావు" అని మెయిలు రాశారు. మర్యాదగానే రాశారు. కానీ ఆ మెయిలు ప్రయోగంలో అందరికీ వెళ్ళింది.

దానికి జవాబు ఒక్కటే. కణాల్ని రెండేసి కాకుండా నాలుగేసి తీసుకుని చూడాలి. ఆ నాలుగింటి సగటులోంచి జంటల సగటు వర్గానికి రెట్టింపు తీసెయ్యాలి. అప్పుడు జంటల వల్ల వచ్చిందంతా చాలావరకు కొట్టుకుపోతుంది. నిజంగా అన్నీ కలిసి పారుతుంటే మిగిలిన అంకె సున్నాకి కింద ఉంటుంది. అంటే మైనస్ రావాలి. ప్లస్ వస్తే ఆయన మాటే నిజం.

గాలి రాకముందు, కరెంటు ఇంకా ఉన్న మధ్యాహ్నం, ఆ లెక్కని దేశదేశాల కంప్యూటర్ల మీదికి పంపించాను. ఇంక అవి చేసుకుంటాయి. కమిటీ మీటింగు ఆ వారంలోనే. ఆ రోజు ఫలితం చూపించకపోతే పెద్ద సదస్సుకి వెళ్ళే జాబితాలోంచి నా పని తీసేస్తారని మా గైడు ముందే చెప్పారు. మూడేళ్ళ పని అది.

మీటింగు రోజు పొద్దున్న మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. నాన్న దుకాణానికి సరుకు తోలే వ్యాన్ ఆయనదే. గుమ్మంలోంచే కేకేశాడు.

"అక్కా, పర్లాకిమిడిలో కరెంటున్నాదంట. ఉల్లిపాయల లారీవోడు సెప్పినాడు. పాతపట్నం కాడ్నించే ఫోన్లు మోగతన్నాయంట."

నేను లేచి నిలబడ్డాను. నా మొహం చూసి మావయ్య ఆగాడు.

"ఏటే గుంటా, అలగున్నావు?"

చెప్పాను. సాయంత్రం మీటింగు, కంప్యూటర్లో నా లెక్క, చూడకపోతే పోతుంది. అంతవరకే చెప్పాను.

"అయితే పద. ఎల్దాం" అన్నాడు.

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో బురద కాళ్ళు దులుపుకుంటూ, "ఏటి ఎల్దాం? రాజాం కాడ సెట్లన్నీ రోడ్డుకడ్డంగా పడున్నాయి. గెడ్డలన్నీ పొంగతన్నాయి. మతుండే మాటాడతన్నావా?" అన్నాడు.

"సెట్లు నిన్ననే కోసీసినారు బావా."

"గెడ్డల్ని కూడా కోసీసినారేటి?"

ఇద్దరూ గొంతులు పెంచారు. అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. నల్లద్దాల వెనక ఆమె ఎటు చూస్తోందో తెలీలేదు. కాసేపటికి, "ఎల్లనీండి. నా కంట్లో మందు సుక్కలు మీరేద్దురు గాని. అది రెండ్రోజుల్నించి ముద్ద ముట్టలేదు, నాకు కనపడకపోతే తెలీదనుకున్నాది" అంది.

నాన్న లోపలికి వెళ్ళాడు. పెద్ద పాలిథిన్ సంచి ఒకటి తెచ్చి లాప్‌టాప్ దాంట్లో పెట్టి తనే మూతి బిగించి కట్టాడు.

రాజాం వరకూ నాన్న అన్నంత లేదు. టేకు చెట్లని కోసి పక్కకి దొర్లించారు. కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి నిలబడ్డాయి. వరి మొత్తం ఒక వైపుకి పడుకుంది. మావయ్య ఆ లెక్కేమిటని అడిగితే నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన ఊరుకోలేక మళ్ళీ అడగడం మొదలుపెట్టాడు.

"అది నీరంటావు. మరి సూర్యుడి కన్నా ఏడి అంటావు. ఏడెక్కితే నీరు ఆవిరైపోవాల గదే?"

"మన నీరు కాదు మావా. నీరులాగ పారతాది."

"నీరు కానిది నీరులాగెలాగ పారతాది? పోనీ, అది పారితే ఏటి, పారకపోతే ఏటి?"

"పారితే నేను సెప్పింది నిజం."

"పారకపోతే?"

నేను సంచి మూతి ఇంకోసారి చూసుకున్నాను.  నాగావళి వంతెన మీద మావయ్య వ్యాన్ మెల్లిగా పోనిచ్చాడు. కింద ఎర్రటి నీళ్ళు, వాటి మీద ఒక గడ్డివాము మొత్తం, పైన కోళ్ళతో సహా, కొట్టుకుపోతోంది. ఇద్దరం చూశాం. 

పాలకొండ దాటి కొంత దూరం పోయాక బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. కొండల మీంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటారు. మామూలు రోజుల్లో అక్కడ అది ఉందని కూడా తెలీదు. ఆ రోజు రోడ్డు మీంచి పారుతోంది. రెండు గట్ల మీదా జనం, అవతల ఒక బస్సు, ఇవతల ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు. నీళ్ళు ఎంత లోతో తెలియడానికి కిలోమీటరు రాయి ఒకటే ఆధారం. దాని తల మాత్రం పైకి కనిపిస్తోంది.

మేం చూస్తుండగా ఒక లారీ దిగి దాటింది. నీళ్ళు దాని చక్రాల సగం వరకే వచ్చాయి. మావయ్య గేరు వేశాడు.

"ఆగుదాం మావా."

"లారీ ఎనకాలే ఎలిపోతే నీరు పక్కకి తప్పుకుంటాది. ఇప్పుడు పోకపోతే మల్లీ నిండిపోతాది" అన్నాడు.

సగం దాకా బాగానే వచ్చాం. అక్కడ ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికి వచ్చి నా పాదాల మీద చేరాయి. మావయ్య తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. వ్యాన్ వెనక భాగం మెల్లిగా పక్కకి జరిగింది. బండి తనంతట తాను కదలడం నేను ముందెప్పుడూ ఎరగను.

"తోస్తాను. నువ్వు స్టీరింగు తిన్నగా పట్టుకో" అని మావయ్య దిగాడు. నేను వద్దు అనేలోగానే దిగాడు.

అక్కడ రోడ్డు అంచు కోసుకుపోయింది, ఆయన రెండు కాళ్ళూ నేలకి ఆనలేదు. ఒక్కసారిగా మనిషి నడుం వరకూ మాయమై, తలుపు పట్టుకుని వేలాడాడు. నీళ్ళు ఆయన్ని వ్యాన్ కిందికి లాగుతున్నాయి. నా ఒళ్ళో పాలిథిన్ సంచి ఉంది. దాన్ని ఎటు విసిరానో నాకు గుర్తులేదు. సీటు మీద బోర్లా పడి ఆయన మణికట్టు ఒక చేత్తో, చొక్కా కాలరు ఒక చేత్తో పట్టుకున్నాను. చొక్కా చిరుగుతున్న చప్పుడు నాకు చెవి దగ్గరే వినిపించింది.

"వొదలకే" అన్నాడు. అంతే అన్నాడు. గొంతు చాలా చిన్నగా, పిల్లాడి గొంతులా ఉంది.

నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు. గట్టు మీంచి మనుషులు మోకుతాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు దిగారు. ముందున్న మనిషి మావయ్య చంకల కింద తాడు వేసి ముడివేసేదాకా నేను వదల్లేదు. వేసిన తర్వాత కూడా వదల్లేదు. "వొదులమ్మా, ఇంక నాను పట్టుకున్నాను" అని ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు.

ఒడ్డుకి చేరాక చూస్తే మావయ్య కుడి పాదం అడుగున నిలువుగా తెగింది. నీళ్ళ అడుగున ఏ రాయో రేకో. చున్నీ చింపి కట్టాను. కట్టు వెంటనే ఎర్రబడింది. వ్యాన్‌ని ట్రాక్టరుతో అవతలి గట్టుకే లాగారు. ట్రాక్టరు తోలే పెద్దమనిషి మా ఇద్దర్నీ చూసి ఉమ్మేసి, "సచ్చిపోదారనేటి? ఎవులికేటైనాదని ఇంత తొందర?" అన్నాడు.

ఏం చెప్పను? ఎవరికీ ఏమీ కాలేదు. ఒక అంకె ముందు మైనస్ ఉందో ప్లస్ ఉందో చూసుకోవడానికి వెళ్తున్నాం.

"మావా, ఎనక్కెలిపోదాం" అన్నాను.

"ఏ ఎనక్కి? మల్లీ ఆ గెడ్డలోంచేనా?"

 ఎవరో వ్యాన్ బానెట్టు తెరిచి, గొట్టాల్లో నీళ్ళు వంపి, గుడ్డతో తుడిచి, ఎంతో సేపు తిప్పలు పడితే ఇంజను అందుకుంది. కొత్తూరులో ఒక డాక్టరు దీపం లేకుండా కిటికీ వెలుగులోనే పాదానికి కుట్లు వేశాడు. మావయ్య గోడకేసి చూస్తూ పళ్ళు బిగబట్టాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేస్తే తీసేశాడు. వంశధార దాటుతున్నప్పుడు కిందికి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. మావయ్య క్లచ్చి, బ్రేకు అన్నీ ఎడమ కాలితోనే తొక్కుతూ తోలాడు. మధ్యమధ్యలో వ్యాన్ ఎగిరెగిరి పడుతోంది.

పాతపట్నం పొలిమేరలో నా ఫోను ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెసేజీల మీద మెసేజీలు. మా గైడువి వరసగా ఉన్నాయి. మొదటివి క్షేమమేనా, ఇల్లు ఎలా ఉంది అని. ఆఖరుది, సాయంత్రంలోగా కబురు లేకపోతే నీ ఫలితం ఈసారికి పక్కన పెడతారు అని.

పర్లాకిమిడి అక్కడికి దగ్గరే, ఒడిశా సరిహద్దు దాటగానే. బజారు మధ్యలో ఒక ఇంటర్నెట్ సెంటరు దొరికింది. మా బురద బట్టలు, మావయ్య కట్టు చూసి దాని యజమాని కంగారుగా లేచాడు. "బొసొ, బొసొ" అని కుర్చీలు తుడిచి కూర్చోబెట్టాడు. అప్పుడే నాకు పాలిథిన్ సంచి గుర్తొచ్చింది. వ్యాన్‌లోకి పరిగెత్తాను. సీటు కింద బురద నీళ్ళలో పడి ఉంది. నాన్న వేసిన ముడి విప్పడానికి పళ్ళు వాడాల్సి వచ్చింది. లోపల పొడిగా ఉంది.

లైను నత్తలా ఉంది. లోపలికి వెళ్ళడానికే చాలాసేపు పట్టింది. పంపిన పనుల్లో చాలావరకు పూర్తయ్యాయి, కొన్ని మధ్యలో చచ్చిపోయి ఎర్రగా కనిపిస్తున్నాయి. మళ్ళీ పంపే టైము లేదు. అయిన వాటిని అక్కడి కంప్యూటర్‌లోనే కలిపి, బొమ్మ ఒక్కటే ఇటు దించుకోవాలి. కలపమని ఆదేశం ఇచ్చాను. సగం కలిశాక ఆగలేక ఆ సగంతోనే బొమ్మ వేసి చూశాను.

చుక్కలు సున్నా గీత మీద కూర్చున్నాయి. కొన్ని కొంచెం కింద, కొన్ని కొంచెం పైన. ఒక్కో చుక్కకి అటూ ఇటూ ఉండే పొరపాటు గీతలు సున్నాని దాటిపోయాయి. అంటే ఏమీ చెప్పలేం.  మావయ్య వెనక బెంచీ మీద కాలు చాపుకుని నన్నే చూస్తున్నాడని నాకు తెలుసు. తిరగలేదు.

మిగతా సగం కలవడానికి మీటింగు మొదలయ్యే వేళ దాకా పట్టింది. ఈలోగా లైను తెగిపోయింది. యజమాని మోడెం డబ్బా ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ మొదట్నుంచి తలుపులన్నీ తెరుచుకుంటూ వెళ్ళాను. బొమ్మ పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. ముందు అంకెలు, తర్వాత సున్నా గీత, ఆ తర్వాత చుక్కలు.

కుడివైపు చుక్కలన్నీ గీత కింద ఉన్నాయి. పొరపాటు గీతలతో సహా కింద ఉన్నాయి. ఒక్కో తాకిడిలో కణాలు ఎక్కువెక్కువగా పుట్టిన చోటు అది. అక్కడ మైనస్. ఎడమవైపు, కణాలు తక్కువ పుట్టిన చోట, చుక్కలు గీత దాటి పైకి ఎక్కాయి. అక్కడ ప్లస్.

బొమ్మ పంపి గైడుకి ఫోన్ చేశాను. ఆయన దాన్ని తెరిచి చూశారు. తర్వాత, "కుడివైపు బ్రహ్మాండం. ఎడమవైపు ఇవాళ చూపించకు. ముందు దీనికి ఒప్పుకోనివ్వు, అది తర్వాత చూసుకుందాం" అన్నారు. అందులో మోసం లేదు. జాగ్రత్తగల మనిషి సలహా అది. అయినా నాకు మనసొప్పలేదు. ఆ గెడ్డ దాటి వచ్చి సగం బొమ్మ చూపించడం నా వల్ల కాదనిపించింది. "మొత్తం పెడతాను సర్" అన్నాను. ఆయన నిట్టూర్చి, "నీ ఇష్టం. నేను లైన్లోనే ఉంటాను" అన్నారు.

మీటింగులో నా వంతు వచ్చింది. బొమ్మ తెర మీద పెట్టి, ఎడమవైపు జంటలే, అక్కడ ప్రవాహం అనడానికి నా దగ్గర ఆధారం లేదు, కుడివైపు మాత్రం ఉంది అని చెప్పాను. ఆ జర్మన్ పెద్దాయన అడగడం మొదలుపెట్టారు. చచ్చిపోయిన పనుల వల్ల ఏదైనా ఒక వైపుకి ఒరిగిందా? పొరపాటు గీతలు ఎలా కట్టావు? డిటెక్టరులో పని చెయ్యని ముక్కల్ని సరిచేశావా? ఒక్కోదానికి చెబుతూ పోయాను. ఆఖరి ప్రశ్న మధ్యలో లైను తెగింది. నేను బల్ల మీద చెయ్యి గట్టిగా కొట్టాను. యజమాని తన సొంత ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

ఫోనులో మళ్ళీ కలిసేసరికి అవతల నవ్వులు వినిపించాయి. తుపాను ఊళ్ళోంచి మాట్లాడుతున్నానని మా గైడు చెప్పేసినట్టున్నారు. పెద్దాయన గొంతు మాత్రం మారలేదు. "ఎడమవైపు నేను చెప్పింది. కుడివైపు నువ్వు చెప్పింది. రెండూ ఒకే బొమ్మలో పోనీ. చచ్చిన పనులు మళ్ళీ నడిపి చూపించాకే సదస్సుకి" అన్నారు. ఒప్పుకున్నట్టే. షరతుతో ఒప్పుకోవడం.

ఫోను తిరిగి ఇచ్చి మావయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఏటైనాది?" అన్నాడు. ఆ గెడ్డ గట్టు వదిలి వచ్చాక నాతో అన్న మొదటి మాట అది.

"ఎక్కువున్న కాడ పారతాది మావా. తక్కువున్న కాడ తెలీదు."

"తెలీదని ఆలకి సెప్పినావా?"

"సెప్పాను."

 "సర్లే. ఆకలేస్తన్నాది, ఏటైనా తిందాం పద" అన్నాడు. లేవబోయి నా భుజం పట్టుకున్నాడు. కుట్లు వేసిన కాలు నేల మీద పెట్టలేకపోయాడు. ఆ బరువు మోస్తూ మెట్లు దిగుతుంటే నాకు అప్పుడు వణుకు మొదలైంది. హోటల్లో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చున్నా తగ్గలేదు. మావయ్య నా చేతిలోంచి నీళ్ళ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

ఆ రాత్రికి పాతపట్నంలో ఎరిగినవాళ్ళ ఇంట్లో ఉండిపోయి, గెడ్డ తగ్గాక ఇంటికి చేరాం. కరెంటు వచ్చాక పనులు మళ్ళీ నడిపాను. ఎడమవైపు చుక్కలు పైనే ఉండిపోయాయి, కుడివైపువి కిందే నిలిచాయి. సదస్సుకి బొమ్మ వెళ్ళింది. వీసా రాక నేను వెళ్ళలేదు, మా గ్రూపులో ఇంకొకరు చూపించారు.

మావయ్య పాదం మానడానికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా దుకాణం సరుకు అద్దె బండి మీద వచ్చింది. అత్త, అంటే మావయ్య భార్య, నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. నేను తిరుగు ప్రయాణానికి ముందు వాళ్ళింటికి చెప్పడానికి వెళ్ళాను. మావయ్య బియ్యం బస్తాకి చేరబడి నవ్వాడు గాని, ఆమె వంటింట్లోంచి రాలేదు. నేనే గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పొయ్యి వైపు చూస్తూనే అంది:

"ఆయన నీకు ఒద్దని సెప్పలేడు. సిన్నప్పట్నించీ అంతే. నువ్వే సెప్పాల."

"సెప్తాను అత్తా."

ఆమె వెనక్కి తిరిగి నన్ను కిందనుంచి పై దాకా చూసింది. చేతిలోని పళ్ళెం నా ముందు పెట్టి, "తినీసి ఎల్లు" అంది.